ఫోటోషాప్ ‘లైఫ్‌టైమ్ లైసెన్స్’ 1,800కే అంటున్నారా? ఆగండి

కడపలో ఏడురోడ్ల కూడలికి దగ్గర్లో చిన్న స్టూడియో నాది. పాస్‌పోర్ట్ ఫోటోలు, పెళ్లి ఆల్బమ్‌లు చేస్తాను. నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అంటే నాకు మొదటి నుంచీ మంట. మూఢం వస్తే పెళ్లిళ్లు ఆగుతాయి గానీ, ఆ బిల్లు ఆగదు కదా!

ఆ మంటే నన్ను ముంచింది. ఫోటోగ్రాఫర్ల గ్రూపులో ఒక ప్రకటన వచ్చింది: కొత్త ఫోటోషాప్, లైఫ్‌టైమ్, 1,800 రూపాయలు. అగ్గువకు వస్తోందని ఫోన్లోనే డబ్బు పంపేశాను. బిల్లు అడిగితే ‘తర్వాత ఇస్తా’ అన్నాడు. ఒక ఈమెయిలు, పాస్‌వర్డు పంపాడు. ఆ ఈమెయిలు నాది కాదు. అప్పుడే అనుమానం రావాల్సింది.

అసలు సంగతి తర్వాత తెలిసింది. ఫోటోషాప్‌ను ఒకసారి కొని ఉంచుకునే పద్ధతి సీఎస్6 అనే పాత వెర్షన్‌తోనే అయిపోయింది. 2013 నుంచి కొత్త వెర్షన్లన్నీ చందాకే. అంటే ఆ ప్రకటనలో మొదటి మాటే అబద్ధం. ఇలాంటివాళ్లు అమ్మేది ఏదో సంస్థ ఖాతాలో ఒక సీటు, అంటే ఒకరు వాడుకునే చోటు. ఆ సంస్థవాళ్లు తీసేస్తే మన పని సరి.

నలభై రోజులకు అదే జరిగింది. గండికోటలో తీసిన ప్రీవెడ్డింగ్ ఆల్బమ్ సగంలో ఉండగా ‘మీ అడ్మిన్‌ను సంప్రదించండి’ అని వచ్చింది. ఫోన్ చేస్తే, “సర్వర్ అప్‌డేట్ అయితాండాదన్నా, ఇంకో ఫైల్ పంపిస్తా, యాంటీవైరస్ ఆపి ఎక్కించుకో” అన్నాడు.

ఆపాను. ఆల్బమ్ ఇవ్వాల్సిన టెన్షన్‌లో బుర్ర పనిచేయలేదు.

పొద్దున చూస్తే ప్రతి ఫోటో పేరుకూ ఏదో తోక తగిలించి ఉంది, ఒక్కటీ తెరుచుకోదు. డాలర్లు కట్టమని ఒక నోటు. బ్యాకప్ హార్డ్‌డిస్క్ కూడా సిస్టమ్‌కే తగిలించి పెట్టాను, అదీ పోయింది. గండికోట ఫోటోలు కెమెరా కార్డుల్లో ఉన్నాయి గనక బతికాయి. ఒక బారసాల ఫోటోలు మాత్రం దక్కలేదు. ఆ తల్లికి ఏం చెప్పాలో తెలియక రెండు రోజులు ఫోన్ ఎత్తలేదు. చివరికి ఇంటికెళ్లి అడ్వాన్సు తిరిగిచ్చి, తలొంచుకుని వచ్చాను.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. డబ్బు పోయిన గంటల్లోనే చేస్తే ఉపయోగం ఎక్కువట. నేను నలభై రోజుల తర్వాత చేశాను.

ఇప్పుడు పాస్‌పోర్ట్ పనులకు గింప్ అనే ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను, పూర్తిగా ఉచితం, 2025 మార్చిలో 3.0 వచ్చింది. ఆల్బమ్‌లకు అఫినిటీ. అది ఒకప్పుడు ఒకసారి డబ్బు కట్టి కొనేది, 2025 అక్టోబరు నుంచి ఉచితమే. దాన్ని కొన్న కాన్వా కంపెనీలో ఖాతా ఉంటే చాలు. పాత పీఎస్‌డీ (ఫోటోషాప్ ఫైలు) టెంప్లేట్లు తెరుచుకుంటున్నాయి గానీ కొన్ని ఎఫెక్టులు చెదురుతున్నాయి, పెళ్లికూతురి పేరు మళ్లీ టైపు చేసుకోవాల్సి వచ్చింది. కెమెరా నుంచి నేరుగా వచ్చే రా ఫైళ్లకు డార్క్‌టేబుల్ ఉంది, నేర్చుకోవడానికి ఓపిక కావాలి. ఫోటోషాప్‌కు చిన్న రూపమైన ఫోటోషాప్ ఎలిమెంట్స్ కొనేవాళ్లు ఒకటి గమనించండి: 2025 వెర్షన్ నుంచి అది మూడేళ్ల లైసెన్సే.

ఏది కొన్నా కంపెనీ సైట్లోనే, మీ ఈమెయిలుతో, బిల్లు తీసుకుని కొనండి. యాంటీవైరస్ ఆపమన్నాడంటే ఫోన్ పెట్టేయండి.

నిన్న అదే ప్రకటన వేరే నంబరుతో మా గ్రూపులోకి మళ్లీ వచ్చింది. ఈసారి ధర 999.