డస్ట్ మైట్ పరుపు కవర్: పిల్లలకైతే కొనండి, కానీ భారమంతా దాని మీదే వేయకండి

మా పాపకి డస్ట్ మైట్ (పరుపుల్లో, ఇంటి దుమ్ములో బతికే, కంటికి కనపడనంత చిన్న పురుగు) అలర్జీ ఉందని స్కిన్ టెస్ట్‌లో తేలాక, ఇన్‌హేలర్‌తో పాటు పరుపుకి, దిండ్లకి అన్ని వైపులా మూసుకునే జిప్ కవర్లు కూడా వేయమన్నారు డాక్టర్ గారు. మేం తీసుకున్నది ఒత్తుగా నేసిన గుడ్డ రకం. చెమట పట్టదు, పాప పక్క మీద దొర్లినా చప్పుడు రాదు. ఊరికే వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంటే నమ్మొద్దు, నేతలో సందులు 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) లోపు ఉన్నాయో లేదో చూడండి. ఎందుకంటే ఈ పురుగు కుట్టదు, దాని రెట్టలో ఉండే ప్రోటీన్ గాల్లోకి లేచి మనం పీల్చడం వల్లే ఈ తుమ్ములూ ఆయాసమూ, అది బయటికి రాకుండా కవర్ ఆపాలి. పరుపు మందం కూడా కొలిచే ఆర్డర్ చేయండి, మాది మరీ బిగుతైపోయి ఇద్దరం కలిసి లాగితే గానీ ఎక్కలేదు.

ఈ పురుగులకి మన ఒంటి మీంచి రాలే పొట్టు తిండి, గాల్లో తేమ నీళ్లు. మాది వైజాగ్, తేమకి కొదవే లేదు. అమ్మమ్మ వాళ్లు బొంతలూ దూది పరుపులూ డాబా మీద ఎండలో వేసి కర్రతో దులిపేవాళ్లు. ఇప్పుడు అపార్ట్‌మెంట్‌లో, ఎప్పుడూ కిటికీలు మూసి ఉండే గదిలో, ఇంత లావు ఫోమ్ పరుపుని ఎక్కడ ఎండేస్తాం?

అయితే ఈ కాలం పిల్లల్లో ఉబ్బసం పెరగడానికి పరుపు ఒక్కటే కారణం కాదు. పెద్ద కుటుంబాల్లో అన్నలూ అక్కలూ ఉన్న పిల్లలకి హే ఫీవర్ (పుప్పొడి అలర్జీతో వచ్చే తుమ్ములు, జలుబు) తక్కువని, చిన్నప్పుడే ఒకరి నుంచి ఒకరికి క్రిములు అంటడం వల్ల కావచ్చని బ్రిటన్‌లో స్ట్రాచన్ అనే పరిశోధకుడు 1989లోనే రాశారు. అమెరికాలో ఆమిష్, హటరైట్ అని రెండు రైతు సమాజాలున్నాయి, ఇద్దరి మూలాలూ దగ్గరివే, కానీ ఇంటి పక్కనే పశువుల కొట్టాల్లో తిరుగుతూ పెరిగే ఆమిష్ పిల్లల్లో ఉబ్బసం చాలా తక్కువ, యంత్రాలతో పెద్ద ఎత్తున సేద్యం చేసే హటరైట్ల పిల్లల్లో ఎక్కువ. 2016లో వచ్చిన ఆ పరిశోధన నన్ను చాలా ఆలోచింపజేసింది. మన పిల్లలకి మట్టీ దూడలూ దూరమయ్యాయి, ట్రాఫిక్ పొగ, మస్కిటో కాయిల్ పొగ దగ్గరయ్యాయి. కాయిల్ వెలిగించిన గదిలో ఏ కవర్ వేసి ఏం లాభం చెప్పండి!

2003లో 1,122 మంది పెద్దవాళ్ల మీద జరిగిన బ్రిటిష్ ట్రయల్‌లో ఇలాంటి కవర్లు ఒక్కటే వేస్తే ఉపయోగం కనపడలేదు. 2017లో మైట్ అలర్జీ ఉన్న పిల్లల మీద చేస్తే మాత్రం ఆయాసంతో ఆసుపత్రికి పరిగెత్తాల్సి రావడం తగ్గింది. మా పాపకి పొద్దున లేవగానే వచ్చే తుమ్ములు బాగా తగ్గాయి. 5కి 4 ఇస్తాను, జిప్ ఇంకాస్త గట్టిగా ఉండాల్సింది. పైన వేసే దుప్పట్లు వారానికోసారి 60 డిగ్రీల నీళ్లలో ఉతకండి, తుమ్ములు తగ్గాయి కదా అని డాక్టర్‌ని అడక్కుండా ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి.