లోపలి ట్యూనరా, బయటి ట్యూనరా: రెండూ ఏళ్ళ తరబడి వాడాక

ట్యూనరంటే టీవీ చానళ్ళని కంప్యూటర్‌లో చూపించే పరికరం. ల్యాప్‌టాప్ లోపలే ఉండేదీ, బయటనుంచి గుచ్చేదీ, మా ఇంట్లో రెండూ ఉన్నాయి. అన్నయ్య 2010లో అమెరికా నుంచి వస్తూ తను వాడిన ల్యాప్‌టాప్ నాకిచ్చాడు. దాంట్లో టీవీ ట్యూనరు పుట్టుకతోనే ఉంది. రెండోది అదే ఏడాది సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల బజారు సీటీసీలో పద్దెనిమిది వందలు పోసి నేను కొన్న యూఎస్‌బీ స్టిక్కు. ఒకటి ఉండగా ఇంకోటి ఎందుకు కొన్నానన్నదే అసలు కథ.

లోపలిది చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. ల్యాప్‌టాప్ పక్కన చిన్న రంధ్రం, అందులోకి బెత్తెడు వైరు, ఆ వైరు చివర కేబుల్ పిన్ను. అన్నయ్య అక్కడ కిటికీలో చిన్న యాంటెన్నా పెట్టుకుని చానళ్ళు పైసా కట్టకుండా చూసేవాడట, బొమ్మ అద్దంలా వచ్చేదట. నమ్ముతాను. అక్కడ 2009 జూన్ 12తో పెద్ద స్టేషన్లన్నీ అనలాగ్ ఆపేసి డిజిటల్‌కి వెళ్ళిపోయాయి, ఆ ట్యూనరు తయారైందే దానికోసం.

హైదరాబాద్‌లో మా కేబుల్ వైరు తగిలించగానే నలుపు తెలుపులో బొమ్మ కిందనుంచి పైకి దొర్లడం మొదలెట్టింది. శబ్దం లేదు, ఒట్టి బుస్సుమనే చప్పుడు. మూడు రాత్రులు కూర్చున్నాక అర్థమైంది. అమెరికా పాత పద్ధతిలో 525 గీతలు, సెకనుకు దాదాపు 60 ఫీల్డులు (సగం సగం బొమ్మలు), బొమ్మకి 4.5 మెగాహెర్ట్జ్ దూరంలో శబ్దం. మన దగ్గర వాడే పాల్ (PAL) పద్ధతిలో 625 గీతలు, 50 ఫీల్డులు, శబ్దం 5.5 దగ్గర. లోపలి చిప్పుకి రెండూ చేతనవునేమో గానీ, దాంతో ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌లో అమెరికా తప్ప ఇంకో దేశం పేరే లేదు. కార్డు మార్చుదామంటే ల్యాప్‌టాప్ పొట్ట విప్పాలి. అప్పుడు వెళ్ళాను సీటీసీకి.

స్టిక్కు పెట్టిన పావుగంటలో తొంభై చిల్లర చానళ్ళు పట్టింది. బొమ్మ మాత్రం అద్దంలా ఉందని అబద్ధం చెప్పను. వార్తా చానళ్ళలో కింద పరిగెత్తే అక్షరాలు దువ్వెన పళ్ళలా చీలిపోయేవి. డీఇంటర్‌లేస్ అనే గడిలో టిక్కు పెడితే చీలికలు తగ్గి, బొమ్మ కాస్త మసకబారేది. పక్కింటి టీవీకన్నా సెకను వెనక నడిచేది కూడా. సిక్సరు కొట్టారని వాళ్ళ అరుపుతోనే తెలిసిపోయేది. ఇంకొకటి, స్టిక్కుని నేరుగా ల్యాప్‌టాప్‌కే గుచ్చాలి. కుదించని బొమ్మ సెకనుకు దాదాపు 20 మెగాబైట్లు యూఎస్‌బీ మీదుగా వస్తుంది. ఒకే పోర్టుని పంచిపెట్టే హబ్‌లో హార్డ్‌డిస్కు పక్కన పెడితే బొమ్మ ఎగిరి ఎగిరి పడేది.

రికార్డింగ్ గురించి ఒక కడుపుమంట. 2011 ఏప్రిల్ 2, ప్రపంచకప్ ఫైనల్. మన ఇన్నింగ్స్ మొత్తం దాచుకుందామని పోర్టబుల్ డిస్కులోకి పెట్టి, పైన ఫ్రెండు వాళ్ళింట్లో పెద్ద టీవీ దగ్గర కూర్చున్నాను. రాత్రి వచ్చి చూస్తే గంటన్నర దాటగానే ఆగిపోయి ఉంది. డిస్కు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంది, అందులో ఒక ఫైలు 4 జీబీ దాటదు. ఎంపెగ్-2లో సెకనుకు 6 మెగాబిట్ల దగ్గర రికార్డు చేస్తే గంటకి 2.7 జీబీ పడుతుంది, లెక్క వేసుకుంటే గంటన్నర చిల్లర. ధోనీ బ్యాటు పట్టుకుని రాకముందే నా రికార్డింగ్ పెవిలియన్‌కి వెళ్ళిపోయింది. డిస్కుని ఎన్‌టీఎఫ్ఎస్‌కి మార్చుకోండి, నాలా ఏడవకండి.

బయటిదే మేలని నాకు గట్టిగా అనిపించింది మాత్రం 2012 మేలో, ఒక గాలివాన సాయంత్రం. మా కేబుల్ వైరు డాబా మీంచి డాబా మీదికి, కరెంటు స్తంభం మీదుగా వచ్చేది. మామూలు రోజుల్లోనే పిన్ను పట్టుకుంటే వేలు జివ్వుమనేది. ఆ రోజు ఎక్కడో పిడుగు పడింది, టక్కుమని చిన్న శబ్దం, స్టిక్కులోంచి కాలిన వాసన. స్టిక్కూ పోయింది, అది గుచ్చిన యూఎస్‌బీ పోర్టూ పోయింది. ల్యాప్‌టాప్ బతికింది. అదే వైరు లోపలి ట్యూనరుకి తగిలించి ఉంటే మదర్‌బోర్డుకి దండ వేయాల్సి వచ్చేది. మర్నాడే అలాంటి స్టిక్కే మరోటి తెచ్చుకున్నాను. అప్పట్నుంచి మబ్బు పడితే ముందు కేబుల్ పీకేస్తా, తర్వాతే బట్టలు తీస్తా.

కేబుల్ డిజిటల్ అయినప్పుడు ఇంకో దెబ్బ. దేశంలో కేబుల్‌ని దశలవారీగా డిజిటల్ చేశారు, అందులో హైదరాబాద్, విశాఖ ఉన్న రెండో దశకి గడువు 2013 మార్చి 31. మా వీధికి కొంత ఆలస్యంగా వచ్చింది. ఒకరోజు చానళ్ళన్నీ గ్రెయిన్స్.

"బాక్సు పెట్టించుకోవాల్సిందే సార్, ఇక వైరు డైరెక్టుగా రాదు" అన్నాడు కేబులాయన.

స్టిక్కుతో వచ్చిన పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల వైరు డబ్బాలోనే ఉంది కాబట్టి సరిపోయింది. బాక్సు నుంచి ఆ వైరు, వైరు నుంచి స్టిక్కు. కానీ చానల్ మార్చేది ఇక బాక్సు రిమోటే. ఫలానా టైముకి ఫలానా చానల్ రికార్డు చెయ్యమంటే స్టిక్కు చెయ్యలేదు, బాక్సులో ఏది నడుస్తుంటే అదే మింగుతుంది. పేరుకి ట్యూనరు, చేసేది వైరు పని.

ఈలోగా విండోస్ 7, 64 బిట్‌కి మారాను. స్టిక్కు సీడీలో ఉన్నవి 32 బిట్ డ్రైవర్లే. మూత ఊడదీసి చూస్తే చిప్పు మీద ఈఎం2860 అని ఉంది, ఆ పేరుతో వెతికితే డ్రైవరు దొరికింది. ఉబుంటు లినక్స్‌లో అయితే ఈఎం28ఎక్స్ఎక్స్ అనే డ్రైవరు ముందే ఉంటుంది; టీవీటైమ్ అనే ప్రోగ్రాంలో బొమ్మ వెంటనే వచ్చింది, శబ్దానికి మాత్రం ఇంకో టెర్మినల్‌లో వేరే కమాండు కొట్టాల్సి వచ్చింది. అన్నయ్య ల్యాప్‌టాప్ ట్యూనరుకి కంపెనీ వాళ్ళ డ్రైవర్లు విస్టాతోనే ఆగిపోయాయి. అడిగే దిక్కు లేదు.

మధ్యలో ఒక తెలివితక్కువ పనీ చేశాను. డిజిటల్ కేబుల్ కదా అని ఆర్‌టీఎల్2832యూ చిప్పున్న డిజిటల్ స్టిక్కు తెప్పించాను. అది పట్టేది యాంటెన్నాతో వచ్చే డీవీబీ-టీ, మన కేబుల్‌లో వచ్చేది డీవీబీ-సీ, అదీ తాళం వేసి. ఒక్క చానలూ రాలేదు. కానీ ఆ చిప్పుని రేడియో రిసీవరుగా వాడుకోవచ్చని 2012లోనే కొందరు కనిపెట్టారు. ఆకాశవాణి రెయిన్‌బో ఎఫ్‌ఎం 101.9 వినడంతో మొదలై, 1090 మెగాహెర్ట్జ్‌లో శంషాబాద్ విమానాల సంకేతాలు పట్టేదాకా వెళ్ళింది నా పిచ్చి. డబ్బు దండగైందని ఇప్పటికీ అనుకోను.

ఇప్పుడెవరైనా సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ అమ్ముతూ "ఇందులో టీవీ ట్యూనరు కూడా ఉంది" అంటే అదనంగా రూపాయి ఇవ్వకండి. చానళ్ళకోసమైతే స్టిక్కు కూడా అక్కర్లేదు, ఫోన్లోనే వస్తున్నాయి. అమెరికాలో ఉన్నవాళ్ళకి యాంటెన్నా సిగ్నల్ బాగుంటే ఏటీఎస్‌సీ (అక్కడి డిజిటల్ పద్ధతి) స్టిక్కు ఇప్పటికీ పనికొస్తుంది, ఇక్కడికి తెచ్చుకుందామని మాత్రం కొనకండి. ఇంట్లో పాత వీసీఆర్ క్యాసెట్లు ఉంటే ఏవీ ఇన్‌పుట్ (ఆ మూడు రంగుల పిన్నుల వైరు తగిలించేది) ఉన్న స్టిక్కు వెతికి తీసుకోండి. నా రెండో స్టిక్కు ఇప్పుడు చేస్తున్న పని అదే. పిన్ని పెళ్ళి క్యాసెట్టు సగం కంప్యూటర్‌లోకి ఎక్కించాను. తలంబ్రాల దగ్గరికొచ్చేసరికి శబ్దం బొమ్మకన్నా రెండు సెకన్లు వెనకబడుతోంది, అందుకని ఇరవై నిమిషాలకో ముక్కగా కోసి ఎక్కిస్తున్నాను. పసుపు పిన్ను వదులైంది, రబ్బరుబ్యాండు చుట్టి పెట్టా.