మైపాడు, పెంచలకోన, భైరవకోన: పెద్ద కెమెరాతో చెట్ల కోసం

4×5 ఫిల్మ్ కెమెరా (ఒక్కో ఫొటోకి నాలుగు అంగుళాలకి ఐదంగుళాల విడి ఫిల్మ్ షీటు పెట్టే పెద్ద కెమెరా) మోసుకుని చెట్ల కోసం తిరిగేవాళ్లకి ఊరి అందం కన్నా గాలి ముఖ్యం. షట్టర్ అర సెకను తెరిచి ఉంటే చాలు, ఆకు కదిలిపోతుంది, షీటుకి పెట్టిన రెండు మూడొందలూ గాలికే పోతాయి. ఆ లెక్కన నెల్లూరు చుట్టుపక్కల నాకు పెంచలకోనదే మొదటి స్థానం, మైపాడు రెండోది. ఉమ్మడి ప్రకాశం జిల్లా భైరవకోనకి చెట్ల కోసమైతే పని గట్టుకుని పోనక్కర్లేదు.

సంక్రాంతి దాటాక బయల్దేరాం, నేనూ మా బావమరిదీ. ఇక్కడ పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కాబట్టి జనవరికి చెట్లు కడిగినట్టుంటాయి.

మైపాడు నెల్లూరికి పాతిక కిలోమీటర్ల లోపే. అందరూ బీచ్‌కి పోతారు. మనకి కావాల్సినవి దానికి ఇవతలున్న సరుగుడు తోటలూ, గట్ల మీది తాటిచెట్లూ. మామూలు కెమెరా పైకెత్తితే తాటిమాను వెనక్కి వాలినట్టు పడుతుంది. ఈ 4×5 కెమెరాలో ఫిల్మ్ ఉండే వెనక భాగాన్ని నిలువుగానే ఉంచి లెన్స్‌ని మాత్రం పైకి జరిపితే మట్ట దాకా నిటారుగా వస్తుంది. పొద్దున తొమ్మిది లోపే కానిచ్చుకోవాలి. సముద్రం గాలి మొదలైతే సరుగుడు ఇక నిలవదు. పైగా వాటిని నాలుగైదేళ్లకే కొట్టేస్తారు, ఎవరి ఫొటోలోనో చూసిన తోటని వెతుక్కుంటూ పోవద్దు.

నల్లగుడ్డ కప్పుకుని ఫోకస్ చేస్తుంటే ఒక పెద్దాయన వచ్చాడు. "ఏంది సార్, సర్వేనా? రోడ్డు మా తోట మీద్దా పోతాదా?" చెట్ల ఫొటోలు పెద్దాయనా అంటే నమ్మలేదు. గుడ్డ కింద తల పెట్టించా. "చెట్లన్నీ తలకిందులుగా ఉండాయే!" అని నవ్వి, మంచి తాటిచెట్లున్న గట్టు ఆయనే చూపించాడు.

రూమ్ తీసుకునేటప్పుడు మంచం కాదు, బాత్‌రూమ్ చూడండి. రాత్రి హోల్డర్లలో (షీటుని వెలుగు తగలకుండా కెమెరాకి తగిలించే పలకల్లో) షీట్లు మార్చుకోవాలంటే కటిక చీకటి కావాలి. నెల్లూరులో దిగిన లాడ్జిలో వెంటిలేటర్‌కి ఎదురుగానే వీధి దీపం! నల్ల ప్లాస్టిక్ కవరూ టేపూ లేకపోతే ఆ రాత్రి పనయ్యేది కాదు. ఛేంజింగ్ బ్యాగ్ (చేతులు దూర్చి ఫిల్మ్ మార్చుకునే, వెలుగు చొరబడని సంచి) ఉన్నా, ఈ ఉక్కలో చేతుల చెమట ఫిల్మ్‌కి అంటుతుందని టెన్షన్.

పెంచలకోన రాపూరు మీదుగా సుమారు 80 కిలోమీటర్లు. వెలిగొండల అడుగున, మూడు వైపులా కొండ అడ్డం. పొద్దున నీడలో ఎఫ్/32 దగ్గర, అంటే లెన్స్ రంధ్రం బాగా చిన్నది చేస్తే, వెలుగు కొలిచే మీటర్ 8 సెకన్లు చూపించింది. నేను వాడే నలుపు తెలుపు ఫిల్మ్ ఎఫ్‌పీ4 ప్లస్‌కి అది చాలదు. సెకను దాటితే ఫిల్మ్ చురుకుదనం తగ్గుతుంది కాబట్టి 14 సెకన్ల దాకా ఇవ్వాలి. మైపాడులో ఊహించలేని పని అది. ఇక్కడ మాత్రం ఊడల చివర్లు కూడా స్పష్టంగా వచ్చాయి. ఈ కొండల్లో ఎర్రచందనం ఉంటుంది, మొసలి వీపులా పలకలుగా పగిలిన బెరడు నలుపు తెలుపులోనే బాగుంటుంది. కానీ ఎర్రచందనం ఉన్నచోట ట్రైపాడూ పెట్టెలూ చూస్తే ఎవరైనా ఆపుతారు. అడవి లోపలికైతే అటవీ శాఖ అనుమతి లేకుండా దిగొద్దు. గుడి దగ్గర గది సాదాసీదా, అయినా బాత్‌రూమ్‌కి కిటికీ లేదు, నాకదే స్టార్ హోటల్.

ఉదయగిరిలో చెక్క గరిటెలు కొనుక్కుని సీతారామపురం మీదుగా భైరవకోన చేరాం. ఒకే కొండలో తొలిచిన ఎనిమిది గుహాలయాలు చూసి తీరాల్సినవే. చెట్లున్న చోటు మాత్రం ఇరుకు, వెనక రాయి తెల్లగా మెరిసి వెలుగు లెక్క చెడగొడుతుంది.

కారు మాట్లాడేటప్పుడు వెయిటింగ్ ఎంతో ముందే తేల్చుకోండి, ఒక్కో చెట్టు దగ్గర గంట పడుతుంది. షీట్ ఫిల్మ్ కడిగే స్టూడియో నాకు నెల్లూరులో దొరకలేదు. ఇంట్లో కడిగేవాళ్లు ఐస్ దగ్గర పెట్టుకోండి, డెవలపర్ (ఫిల్మ్ కడిగే మందు) 20 డిగ్రీల దగ్గర ఉండాలి, మన కుళాయి నీళ్లు అంత చల్లగా ఎప్పుడొచ్చాయి గనక. పెంచలకోనకి శనివారం మాత్రం పెట్టుకోవద్దు, భక్తుల రద్దీలో ట్రైపాడ్ వేసే చోటుండదు.