ఆ ఒక్క రిపోర్టు కోసమే ఏటా ఫీజు కడుతున్నాం

దుబాయ్‌కి సరుకు పంపే చిన్న వ్యాపారులు ఎవరైనా "ఇండియా–యూఏఈ వ్యాపారుల కోసం ఉన్న బిజినెస్ కౌన్సిల్ ఏదైనా ఒకదాంట్లో చేరితే లాభమేనా?" అని అడిగితే నేను సదస్సుల సంగతి ఎత్తను, మంత్రులతో దిగిన ఫోటోల సంగతీ ఎత్తను. సరుకు కొంటానన్న పార్టీ ఎలాంటిదో అక్కడికి మనిషిని పంపి వాకబు చేయించి ఇచ్చే రిపోర్టు ఒకటుంది. మా డబ్బు మాకు మిగిలింది దానివల్లే. సభ్యత్వంలో ఉన్న మిగతా సేవలన్నీ కలిపినా నా దృష్టిలో దానికి సాటి రావు.

మేం చేరిన సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. ఈ రెండు దేశాల మధ్య ఇలాంటి కౌన్సిళ్లు, ఛాంబర్లు చాలానే ఉన్నాయి, బ్రోచర్లలో చెప్పుకునే సేవలు కూడా ఇంచుమించు ఒకటే. మాది నిజామాబాద్. మార్కెట్ యార్డులో పసుపు కాడి (కొమ్ములు), గోళ (దుంపలు) కొని, పాలిష్ పట్టించి, గ్రేడింగ్ చేయించి బస్తాల్లో గల్ఫ్‌కి పంపుతాం. కొంత పొడి కూడా పోతుంది. బాపు కాలంలో సరుకంతా ముంబై ఏజెంట్ల చేతుల మీదుగానే వెళ్లేది. నేరుగా ఎగుమతి మొదలుపెట్టింది అన్న, నేను. కరోనా తగ్గాక, 2022 మే 1న రెండు దేశాల మధ్య సుంకాలు తగ్గించే సెపా ఒప్పందం అమల్లోకి వచ్చిన రోజుల్లో కౌన్సిల్‌లో చేరాం. అప్పట్లో ఎగుమతిదారులు ఎక్కడ కలిసినా ఆ ఒప్పందం మాటే.

ఇక ఆ రిపోర్టు సంగతి. 2024లో పసుపు ధర బాగా పెరిగిన సీజన్ అది. దుబాయ్‌లోని దేరా ప్రాంతంలో ఆఫీసు ఉందని చెప్పిన ఒక కంపెనీ మాతో పరిచయం పెంచుకుంది. మొదట చిన్న ఆర్డర్ ఇచ్చారు, డబ్బు ముందే బ్యాంకు నుంచి టీటీ (నేరుగా బదిలీ) చేశారు. సరుకు చేరాక ఫోన్ చేసి రంగు చాలా బాగుందని మెచ్చుకున్నారు. ఆ తర్వాత కొన్ని వారాలకే రెండు కంటైనర్ల డబుల్ పాలిష్ కాడి కావాలన్నారు. మేం చెప్పిన ధరకే సరే అన్నారు. అయితే ఈసారి అడ్వాన్స్ లేదు, ఎల్‌సీ (డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీపత్రం) లేదు. డబ్బు కట్టాకే బ్యాంకు సరుకు కాగితాలు ఇచ్చే డీపీ పద్ధతి కూడా వద్దన్నారు. 60 రోజుల తర్వాతి తేదీ వేసి చెక్కు ఇస్తాం, రేవులో సరుకు విడిపించుకోవడానికి కావాల్సిన ఒరిజినల్ బిల్ ఆఫ్ లేడింగ్ నేరుగా మాకు కొరియర్ చేయండి అన్నారు. చెక్కు ఫోటో వాట్సాప్‌లో వచ్చేసింది కూడా.

అన్నకి నమ్మకం కుదిరింది. "మొదటి ఆర్డర్‌కి పైసలు ముందే ఇచ్చినోడు రెండోదానికి ఎందుకు ఎగ్గొడతడురా?" అన్నాడు. బాపుకి మాత్రం ఒకటే అనుమానం. "దుబాయోడు బేరం ఆడకుంట కొంటుండంటే ఏదో ఉన్నట్టేరా" అన్నాడు. దేరాలోని అల్ రాస్ బజారు వైపు మసాలా దినుసులు కొనే వ్యాపారులతో మాట్లాడినవాళ్లకి ఆ మాట బరువు తెలుస్తుంది. కిలోకి పైసల తేడా ఉన్నా వాళ్లు వదిలిపెట్టరు.

కౌన్సిల్ సభ్యులకి ఏడాదికి కొన్ని వాకబులు ఫీజులోనే వస్తాయి. ఆ కంపెనీ ట్రేడ్ లైసెన్స్ కాపీ, చిరునామా పంపి అడిగాను. నేను ఎదురుచూసింది లైసెన్స్ నంబరు, గడువు, ఏ వ్యాపారానికి అనుమతి ఉంది అనే వివరాలు మాత్రమే. అవి యూఏఈ ప్రభుత్వ నేషనల్ ఎకనామిక్ రిజిస్టర్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. మాకు అందింది వేరు. కౌన్సిల్ దుబాయ్ డెస్క్‌లో పనిచేసే అబ్బాయిది జగిత్యాల. అతను స్వయంగా ఆ ఆఫీసుకి వెళ్లొచ్చి అదే రాత్రి ఫోన్ చేశాడు.

"అన్నా, లోడ్ ఎత్తిన్రా?"

"ఎల్లుండికి లారీ మాట్లాడినం తమ్మీ."

"ఎత్తకుండ్రి. రేపు పొద్దుగాల కాగితం పంపిస్త, సదివినంక మీ ఇష్టం."

పొద్దున రెండు పేజీల రిపోర్టు వచ్చింది. లైసెన్స్ పాతదే, కానీ యజమాని పేరు ఆ ఏడాదే మారింది. అంటే పాత కంపెనీని కొనుక్కుని దాని వయసు చూపిస్తున్నారన్నమాట. ఆఫీసు పెద్దదే, రిసెప్షన్‌లో మనిషి కూడా ఉన్నారు. గాజు తలుపు మీద కంపెనీ పేరు స్టిక్కర్ కొత్తగా అతికించింది, దాని కింద అంతకుముందున్న పేరు గీరేసిన జాడ ఇంకా కనిపిస్తోంది. లోపల ర్యాక్ మీద శాంపిళ్లు ఉన్నాయి. బాస్మతి, జీడిపప్పు, ఎల్‌ఈడీ బల్బులు, ఫ్లోర్ టైల్స్, ప్రింటర్ కార్ట్రిడ్జిలు. వాటి మధ్య మా పసుపు ప్యాకెట్. జనరల్ ట్రేడింగ్ లైసెన్స్ ఉంటే ఏదైనా కొనొచ్చు, తప్పు లేదు. కానీ కాడి పసుపు, ప్రింటర్ కార్ట్రిడ్జి రెండూ కంటైనర్ల లెక్కన అరువుకి కొనే వ్యాపారిని నేనెప్పుడూ చూడలేదు.

గోడౌన్ చూపించమంటే షార్జాలో ఉందన్నారట, చిరునామా మాత్రం ఇవ్వలేదు. కింద వాచ్‌మన్‌ని కదిపితే ఆఫీసు తెరిచి కొద్ది నెలలే అయిందని, రోజూ కొత్త కొత్త సప్లయర్లు వచ్చి పోతున్నారని చెప్పాడు. అల్ రాస్‌లో పసుపు కొనే పాత వ్యాపారులని అడిగితే ఈ కంపెనీ పేరే వినలేదన్నారు. రిపోర్టు చివర ఒక్క వాక్యం: చెక్కు మీద సరుకు ఇవ్వవద్దని మా సలహా.

డీపీ అయితేనే పంపుతాం అని ఆ కంపెనీకి మెయిల్ పెట్టాం. కొన్నాళ్లు బతిమాలారు, తర్వాత కోప్పడ్డారు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. ఆ ఎండాకాలం గడవకముందే ఆఫీసు మూసేశారు. మాకు తెలిసిన బియ్యం ఎగుమతిదారు ఒకాయన వాళ్లకే చెక్కు మీద సరుకు ఇచ్చాడు. కంటైనర్ రేవు దాటి వెళ్లిపోయింది, చెక్కు వెనక్కి వచ్చింది. ఆయన ఇప్పటికీ ఆ అప్పు తీరుస్తూనే ఉన్నాడు.

దుబాయ్‌లో చెక్కు బౌన్స్ అయితే జైలే కదా అని మన దగ్గర చాలామందికి ఇంకా ధీమా ఉంది. 2022 జనవరి నుంచి చట్టం మారింది. ఖాతాలో డబ్బు చాలక చెక్కు తిరిగి వస్తే అది ఇప్పుడు నేరం కిందకి రాదు. చెల్లకుండా చేయాలని ముందే ఖాతా మూసేయడం, డబ్బంతా తీసేయడం లాంటి పనులు మాత్రం నేరమే. ఇంకోవైపు చెక్కు ఉన్నవాళ్లకి దారి సులువైంది. మామూలు దావా వేయకుండా నేరుగా ఎగ్జిక్యూషన్ కోర్టుకి వెళ్లొచ్చు, ఖాతాలో ఎంత ఉంటే అంత బ్యాంకు చెల్లించాలి. నిలకడగా వ్యాపారం చేసుకునే పార్టీ దగ్గర ఇది నిజంగా పనిచేస్తుంది. ఖాతా ఖాళీగా ఉండి, మనిషి దేశం దాటి, కాగితం మీద ఎల్‌ఎల్‌సీ (పరిమిత బాధ్యత కంపెనీ) ఒకటే మిగిలితే ఎవరి దగ్గర వసూలు చేస్తాం? ఈ సంగతి నాకు కౌన్సిల్ వాళ్లు పెట్టిన ఒక జూమ్ మీటింగ్‌లోనే తెలిసింది. ఆ మీటింగ్‌కి వచ్చినవాళ్లు చాలా తక్కువ.

రెండు కంటైనర్ల పసుపు పెద్ద కంపెనీలకి లెక్కలోది కాదు. మాకు అది బ్యాంకు ఇచ్చే అప్పు పరిమితిలో (క్యాష్ క్రెడిట్ లిమిట్) సగానికి పైగా. ఆ డబ్బు పోతే మరుసటి సీజన్‌లో యార్డుకి వెళ్లి వేలంపాట పాడే ధైర్యం మాకు ఉండేది కాదు. అందుకే ఆ జగిత్యాల తమ్ముడి మీద మా ఇంట్లో అందరికీ అంత అభిమానం.

ఆ ఏడాది కనిపించిన ప్రతి ఎగుమతిదారుకీ చేరమని గట్టిగా చెప్పాను. ఇప్పుడు చెప్పేటప్పుడు కొంచెం తగ్గించి చెబుతున్నాను. ఒకటి, ఆ అబ్బాయి వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన రిపోర్టుల్లో ఒకటి బాగుంది, ఇంకొకటి మాత్రం ఇంటర్నెట్‌లో దొరికే వివరాలే కాపీ చేసినట్టు ఉంది. గట్టిగా అడిగితే మళ్లీ మనిషిని పంపారు, కానీ అడగాల్సి వచ్చింది. దుబాయ్ లోపల అయితే పని త్వరగా అవుతుంది. షార్జా, అజ్మాన్ పార్టీలైతే వారాలు పడుతుంది, ఈలోగా ధర మారిపోతుంది.

రెండు, ఈ రిపోర్టు ఆఫీసు నిజమో కాదో చెబుతుంది, డబ్బు టైముకి ఇచ్చే అలవాటు ఉందో లేదో చెప్పలేదు. అన్నీ సక్రమంగా ఉన్నాయని రాసిన ఒక పాత, పెద్ద దుకాణం మాకు నెలల తరబడి డబ్బు ఆపింది. చివరికి ఇచ్చారనుకోండి, వడ్డీ మాత్రం మేమే భరించాం. అందుకే ఇప్పుడు ఈసీజీసీ పాలసీ కూడా తీసుకున్నాం. ఎగుమతుల బాకీలకి బీమా ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ అది, 1957 నుంచీ ఉంది. ఒక్కో కొనుగోలుదారుకి ఇంతవరకు అని లిమిట్ ఇస్తుంది, డబ్బు రాకపోతే షరతులకి లోబడి నష్టంలో ఎక్కువ భాగం చెల్లిస్తుంది. కౌన్సిల్ రిపోర్టు తప్పని తేలినా పైసా రాదు. ఈసీజీసీ లిమిట్ ఇవ్వని పార్టీకి మేం అరువు ఇవ్వడం లేదు, కౌన్సిల్ రిపోర్టు ఎంత బాగున్నా సరే.

మిగతా కార్యక్రమాల గురించి ఎక్కువ చెప్పను. సరుకు మన దేశానిదేనని చూపే సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ మీద పెట్టిన వర్క్‌షాప్ మంచిది. సెపా కింద సుంకం తగ్గాలంటే ఆ సర్టిఫికెట్ కేంద్ర విదేశీ వాణిజ్య విభాగం (డీజీఎఫ్‌టీ) పోర్టల్ ద్వారా తీసుకోవాలి. బట్టలు, నగలు పంపేవాళ్లకి అక్కడి 5 శాతం సుంకం సున్నా అయింది. కానీ ఆ మిగులు ముందు పడేది దిగుమతిదారు జేబులో. ధర మాట్లాడేటప్పుడే అందులో మన వాటా అడగాలని అక్కడ చెప్పిన మాట ఆ రోజు వచ్చిన అందరూ రాసుకున్నారు.

దుబాయ్‌లో జరిగే గల్ఫుడ్ ఆహార ప్రదర్శనకి తీసుకెళ్లిన డెలిగేషన్ మాత్రం నిరాశపరిచింది. ముందే ఖరారు చేశామన్న అపాయింట్‌మెంట్లలో పసుపు కొనేవాళ్లు తక్కువ, ఫ్రీ జోన్‌లో కంపెనీ పెట్టిస్తాం, వీసా ఇప్పిస్తాం అనే కన్సల్టెంట్లు ఎక్కువ. మాకు దొరికిన నిఖార్సైన కస్టమర్లు అల్ రాస్ సందుల్లో శాంపిల్ సంచి పట్టుకుని మేమే తిరిగి సంపాదించుకున్నవాళ్లు. డెలిగేషన్‌కి వేరే ఫీజు, విమానం ఖర్చు మనదే. మొదటిసారి దేశం దాటి వెళ్లేవాళ్లకి తోడు ఉన్నట్టుంటుంది, అంతవరకు సరే.

2024–25లో రెండు దేశాల వ్యాపారం 100 బిలియన్ డాలర్లు దాటిందని ప్రతి సదస్సులోనూ చెబుతారు. గర్వపడాల్సిందే. అందులో చమురు, బంగారం, వజ్రాల వాటా పెద్దది. మాలాంటివాళ్ల సమస్య అంత పెద్ద అంకెల్లో కనిపించదు. చిన్న సభ్యులం కొందరం కలిసి ఒక కోరిక పెట్టాం: సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన కంపెనీల పేర్లు సభ్యులందరికీ పంచండి అని. యూఏఈలో పరువునష్టం చట్టాలు, సైబర్ చట్టాలు చాలా కఠినం, అలాంటి జాబితా పెడితే మేం కోర్టుల చుట్టూ తిరగాలి అన్నారు. వాళ్ల భయం నిజమే. అయినా అడిగినవాళ్లకి నోటిమాటగా హెచ్చరించే ఏర్పాటైనా ఉండాలని నేను ఇప్పటికీ పట్టుబడుతున్నాను. ప్రైవేటు రంగాన్ని పెంచుతామనే సంస్థ చిన్న వ్యాపారిని మోసపోకుండా కాపాడటం కంటే ముందు చేయాల్సిన పని ఏముంటుంది?

2025 జనవరిలో పసుపు బోర్డు మా ఊళ్లోనే మొదలైంది. మార్కెట్ సమాచారం, ఎగుమతి శిక్షణ అక్కడ దొరికితే ఆ మేరకు కౌన్సిల్ అవసరం మాకు తగ్గుతుంది. దేరాలో తలుపు తట్టి చూసొచ్చే పని మాత్రం బోర్డు చేయలేదు.

కాబట్టి మా లెక్క ఇది. మేం అరువు మీద కొంత సరుకు ఇవ్వక తప్పదు, కొత్త పార్టీలు వస్తుంటాయి, అందుకని ఈ ఏడాదీ రెన్యూ చేశాం. మీది ఎల్‌సీ మీదో, పూర్తి అడ్వాన్స్ మీదో నడిచే వ్యాపారమైతే ఫీజు దండగే కావచ్చు. పాత కస్టమర్లు ఇద్దరు ముగ్గురితోనే నడిపేవాళ్లకీ అంతే. చేరాలనుకుంటే డబ్బు కట్టే ముందు అడగండి: వాకబుకి మనిషిని పంపుతారా, ఏయే ఎమిరేట్లకి పంపుతారు, ఫోటోలు ఇస్తారా, ఎన్నాళ్లలో ఇస్తారు. జవాబు ఫోన్‌లో కాకుండా మెయిల్‌లో తీసుకోండి. మేం ఈసారి అలాగే తీసుకున్నాం, షార్జాకి కూడా మనిషిని పంపుతామని రాసి ఇచ్చారు.