బారసాల ఇరవై ఒకటో రోజునా, మూడో నెలలోనా?

మా పెద్దవాడి బారసాల ఇరవై ఒకటో రోజునే ఘనంగా చేశాం. పాప పుట్టినప్పుడు ఉయ్యాల వేడుక ఇంట్లోవాళ్ళతో కానిచ్చి, భోజనాలు మూడో నెలలో పెట్టాం. నన్నడిగితే రెండోదే మేలు, అందులోనూ సిజేరియన్ అయిన బాలింతకి.

ఇరవై ఒకటో రోజుకీ బలమైన కారణాలే ఉన్నాయి. తరాల ఆనవాయితీ, పెద్దవాళ్ళ తృప్తి. తెలంగాణలోనూ చాలా ఇళ్ళలో తొట్టెల వేసేది ఆ రోజే. దానికి వేరే ముహూర్తం చూడక్కర్లేదంటారు. మూడో నెలకి జరిపితే ఆషాఢమో మూఢమో అడ్డం రావచ్చు. పైగా ఇరవై ఒకటో రోజుకి బాలింత పుట్టింట్లోనే ఉంటుంది, ప్రయాణం తప్పుతుంది.

కానీ ఒళ్ళు సహకరించాలిగా! పైన కుట్లు ఆరినట్టే ఉన్నా లోపల మానడానికి ఆరు వారాలైనా పడుతుంది. ఆ రోజు నా పట్టుచీర కుచ్చెళ్ళు సరిగ్గా కుట్ల మీదికే వచ్చాయి. అమ్మ వాటిని పైకి జరిపి, పాత నూలుచీర ముక్క మడతపెట్టి లోపల ఉంచింది. రక్తస్రావం ఇంకా పూర్తిగా ఆగలేదు. పీట మీద గంట దాటేసరికి బాబు ఏడుపు అందుకున్నాడు. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు తాగే వయసు. "ఒక్క ఫొటో, అమ్మాయ్" అని ఒకరి తర్వాత ఒకరు. వాడి ఏడుపుకి పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోయింది, కొంగు కప్పుకుని కూర్చున్నాను. పిన్ని వచ్చి "ముందు బిడ్డ ఆకలి చూడండి" అంటూ లేపి తీసుకెళ్ళకపోతే అందరి ముందే ఏడ్చేసేదాన్ని.

మూడో నెలకి ఈ కష్టాలు చాలావరకు తగ్గుతాయి. తల్లికి ఆరో వారం చెకప్, బిడ్డకి ఆరో వారం టీకాలు అయిపోతాయి. కోరింత దగ్గు నుంచి కాపాడే పెంటావాలెంట్ మొదటి డోసు అప్పుడే వేస్తారు. తర్వాతవి 10, 14 వారాలకి. ఒక్క డోసుతో పూర్తి రక్షణ రాదు కాబట్టి, దగ్గు, జలుబు ఉన్నవాళ్ళని అప్పుడూ దూరంగానే ఉంచాలి. ఉద్యోగం చేసేవాళ్ళలో మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు వర్తించేవాళ్ళకి వేడుకలోపే సెలవు అయిపోతుందన్న టెన్షన్ కూడా ఉండదు. అందులో 8 వారాలు కాన్పుకి ముందే వాడుకున్నా 18 మిగులుతాయి.

మా అత్తయ్యగారు మొదట ఒప్పుకోలేదు. "ఆనవాయితీ తప్పించట్లేదండీ అత్తయ్యా, భోజనాలే జరుపుతున్నాం" అన్నాను. ఇరవై ఒకటో రోజున పళ్ళెంలో బియ్యం పోసి ఆవిడ చేతే పాప పేరు రాయించాం. ఉయ్యాలలో వేసి, హారతి ఇచ్చి, అరగంటలో ముగించాం. ఆవిడ మనసు కుదుటపడింది, నేను వెళ్ళి పడుకున్నాను.

అన్నప్రాశనతో కలిపి చేద్దామనేవాళ్ళూ ఉన్నారు. ఖర్చు కలిసొస్తుంది, అంతవరకు ఆగగలిగితే మంచిదే.

ఏది ఎంచుకున్నా, బిడ్డ పుట్టకముందే హాలుకి అడ్వాన్స్ కట్టకండి. డాక్టర్ చెప్పిన తేదీకి అటూ ఇటూ రెండు వారాలు మామూలే. నెలలు నిండకుండా పుడితే కొన్నాళ్ళు ఆసుపత్రిలోనే ఉండాల్సి రావచ్చు. ఇంకో మాట. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది. రెండు వారాలు దాటినా ఆ దిగులు తగ్గకపోతే పిలుపులన్నీ అయిపోయినా సరే, వేడుక వాయిదా వేసి ముందు డాక్టర్‌కి చూపించండి.