పెడల్ బోర్డుకి ఐసోలేటెడ్ పవర్ సప్లై: బాగా వాడాక నా మాట

గిటారు వాల్యూమ్ సున్నాకి తిప్పి, గిటారు గొంతుని పెంచి గరుకు చేసే డ్రైవ్ పెడల్ ఆన్‌లో ఉంచి, యాంప్‌కి చెవి ఆనించి వింటే సన్నగా ఉస్సుమనడం తప్ప ఇంకేమీ లేదు. ఆ ఉస్సు డ్రైవ్ పెడల్ సొంతం, దాన్ని ఎవరూ తీసెయ్యలేరు. గుయ్యిమనడం లేదు, కీచుమనడం లేదు. ఈ పవర్ సప్లై (కాలి కింద ఉండే గిటారు ఎఫెక్ట్ పెడళ్ళకి, ఒక్కోదానికీ విడివిడిగా, కరెంటిచ్చే డబ్బా) మీద పెట్టిన డబ్బు నాకు గిట్టింది అక్కడే, ఈ సమీక్ష కూడా చాలావరకు దాని గురించే. ఎన్ని అవుట్‌పుట్లు, బోర్డు కింద పడుతుందా, వెంట ఏ వైర్లు వస్తాయి లాంటివన్నీ అమ్మే పేజీలోనే ఉంటాయి. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు. లోపల ఇదే అమరిక ఉన్న డబ్బాలు ఒకటి కంటే ఎక్కువే దొరుకుతాయి, మంచైనా చెడైనా ఆ అమరికదే.

నేను విజయవాడలో ఆదివారాలు చర్చిలో వాయిస్తాను, సీజన్ వస్తే సంగీత్‌లకీ రిసెప్షన్లకీ వెళ్తాను. బోర్డు మీద ట్యూనర్, కాలితో వంచే వా, ఫజ్, డ్రైవ్, కోరస్, డిలే, రివర్బ్ ఉన్నాయి. మొదట్లో అందరిలాగే ఒక తొమ్మిది వోల్టుల అడాప్టరు, దాన్నే అన్ని పెడళ్ళకీ పంచే డైజీ చైన్ వైరు. డ్రైవూ కోరసూ మాత్రమే ఉన్నంతకాలం దాంతో ఏ పేచీ లేదు. డిజిటల్ డిలే వచ్చి చేరాకే మొదలైంది గొడవ. డిలే లోపల ప్రాసెసరు ఉంటుంది, అది కరెంటుని ఒకే తీరున లాగదు, సెకనుకి వేలసార్లు గుక్కలు గుక్కలుగా లాగుతుంది. చైన్ మీద అన్ని పెడళ్ళకీ నెగటివ్ వైరు ఒకటే కాబట్టి ఆ గుక్కలకి పక్క పెడల్ గ్రౌండ్ (సున్నా వోల్టులుగా లెక్కేసుకునే వైరు) కూడా కదులుతుంది. ఒకే పైపు మీద ఉన్న అపార్ట్‌మెంట్‌లో పై వాటావాళ్ళు కుళాయి తిప్పితే కింద మన షవరు ధార సన్నబడినట్టు. పైగా ఆ నెగటివ్‌లన్నీ పెడల్‌ని పెడల్‌కి కలిపే ప్యాచ్ కేబుల్ షీల్డు (బయటి తీగల అల్లిక) ద్వారా ఇంకోసారి కలుస్తాయి. అంటే గ్రౌండ్‌కి రెండు దారులు, మధ్యలో ఒక లూప్. అందులో పుట్టిన రొద ఎంత చిన్నదైనా డ్రైవ్ పెడల్ దాన్ని పెంచి మరీ యాంప్‌కి అందిస్తుంది.

పాట నడుస్తున్నప్పుడు అదేమీ తెలియదు. ప్రార్థనప్పుడు తెలుస్తుంది. మా చర్చిలో ఆరాధన పాటల మధ్య అందరూ కళ్ళు మూసుకుని మౌనంగా ఉండే సమయం ఒకటుంది, కీబోర్డు మీద సన్నగా ప్యాడ్ తప్ప ఏదీ మోగదు. “స్పీకర్లో ఏదో కూస్తోంది, చూడు బాబూ” అని పాస్టరు గారు ఒకటికి రెండుసార్లు అడిగారు. మిక్సర్ దగ్గరి కుర్రాడు “అన్నా, అది మీ లైనే” అని సైగ చేసేవాడు. ట్యూనర్ నొక్కి మ్యూట్ చేసినా లాభం లేదు. గిటారు సిగ్నల్ వెళ్ళే దారిలో ట్యూనర్ మొదట్లో ఉంటుంది, రొద పుట్టేది దాని తర్వాత.

అప్పుడు కొన్నదే మొదటి ‘ఐసోలేటెడ్’ డబ్బా. ఆన్‌లైన్లో తెప్పించాను. పది అవుట్‌పుట్లు, ప్రతి జాక్ పక్కనా నీలం లైటు, పైన పెద్ద అక్షరాల్లో ఐసోలేటెడ్, షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ అని. బోర్డు కింద చక్కగా ఇమిడింది. రొద మాత్రం ఎక్కడికీ పోలేదు.

మల్టీమీటరు తీసి, రెండు చోట్లకీ కనెక్షన్ ఉంటే బీప్ మనే బజర్ మోడ్‌లో పెట్టాను. డబ్బాని మెయిన్స్ నుంచి తీసేసి, పెడళ్ళన్నీ ఊడదీసి, రెండు అవుట్‌పుట్లకి రెండు వైర్లు మాత్రం ఉంచాను. మామూలు పెడల్ ప్లగ్గులో బయటి గొట్టం పాజిటివ్, లోపలి రంధ్రం నెగటివ్. ఒక ప్రోబ్ మొన ఒక ప్లగ్గు రంధ్రంలో, రెండోది ఇంకో ప్లగ్గు రంధ్రంలో తగలగానే బీప్ మంది. నిజంగా ఐసోలేటెడ్ అయితే అక్కడ మీటరు పలక్కూడదు. ఒక అవుట్‌పుట్ నెగటివ్‌కీ ఇంకోదాని నెగటివ్‌కీ సంబంధమే ఉండకూడదు. మూడో జాక్, ఏడో జాక్, ఎక్కడ పెట్టినా బీప్. స్క్రూలు విప్పితే లోపల ఒకటే సర్క్యూట్ బోర్డు, పది జాకుల నెగటివ్ కాళ్ళూ ఒకే రాగి మీద సోల్డర్ చేసి ఉన్నాయి. ఒక్కో జాక్‌కీ పాజిటివ్ దారిలో చిన్న ఫ్యూజు బిళ్ళ ఉంది, షార్ట్ అయితే కరెంటు ఆపేసి చల్లారాక మళ్ళీ కలిసే రకం. అంటే షార్ట్ సర్క్యూట్ ప్రొటెక్షన్ నిజమే, ఐసోలేషన్ అని పేరు పెట్టింది కూడా దానికే! డైజీ చైన్‌నే రేకు డబ్బాలో పెట్టి, లైట్లు తగిలించి అమ్మారు.

అమ్మినవాళ్ళకి వీడియో తీసి పంపాను. అవుట్‌పుట్లన్నీ తొమ్మిది వోల్టులు చూపిస్తున్నాయా అని అడిగారు. చూపిస్తున్నాయి అన్నాను. అయితే ప్రోడక్ట్ బాగానే ఉంది, మీ పెడళ్ళలో ఏదైనా లోపం ఉందేమో చూసుకోండి అని ఫిర్యాదు మూసేశారు. దాని మీద కోపం నాకు ఇప్పటికీ దిగలేదు. చవక సరుకు అని కాదు. అదే డబ్బా మీద ఉన్నది ఉన్నట్టు రాసి అదే రేటుకి అమ్మినా కొనేవాళ్ళు కొంటారు.

ఇప్పుడు వాడుతున్నది చేతిలోకి తీసుకుంటేనే తేడా తెలుస్తుంది, బరువు. లోపల రింగు ఆకారంలో టొరాయిడల్ ట్రాన్స్‌ఫార్మర్, దాని మీద ఒక్కో అవుట్‌పుట్‌కీ విడి వైండింగ్, దాని వెనక విడిగా రెక్టిఫయరు, కెపాసిటరు, వోల్టేజీని నిలకడగా ఉంచే రెగ్యులేటరు. ఎనిమిది అవుట్‌పుట్లంటే ఎనిమిది చిన్న పవర్ సప్లైలు ఒకే పెట్టెలో కాపురం ఉన్నాయన్నమాట, ఎవరి పొయ్యి వాళ్ళదే. పెడళ్ళు తగిలించక ముందే మీటరు పరీక్ష పెట్టాను, ఏ రెండింటి మధ్యా పలకలేదు. తర్వాతి ఆదివారం మిక్సర్ కుర్రాడు నా లైను రావట్లేదనుకుని ఫేడరు పైకి తోశాడు.

ఇక అనుకోకుండా కలిసొచ్చింది ఫజ్ దగ్గర. నాది జర్మేనియం ట్రాన్సిస్టర్ల ఫజ్, పీఎన్‌పీ రకం, 1966లో వచ్చిన ఫజ్ ఫేస్ అనే పెడల్ వరసలోది. ఇందులో పాజిటివ్ గ్రౌండ్, మిగతా పెడళ్ళన్నిటిలో నెగటివ్ గ్రౌండ్. రెండు రకాలనీ ఒకే డైజీ చైన్ మీద పెడితే ప్యాచ్ కేబుల్ గుచ్చిన క్షణంలో అడాప్టరు పాజిటివూ నెగటివూ షార్ట్ అయిపోతాయి. అందుకని దానికి ఎప్పుడూ బ్యాటరీయే. ఎర్ర హైవాట్ ఒకటి జేబులో వేసుకోవడం, ప్రోగ్రాం అయ్యాక గుర్తుపెట్టుకుని ఇన్‌పుట్ జాక్ ఊడదీయడం, మర్చిపోతే తర్వాతి ప్రోగ్రాంలో అది నీరసంగా దొరకడం, స్టేజీ వెనక ఫోన్ లైటులో అడుగు ప్లేటు విప్పడం. ఇప్పుడు పొలారిటీ తిరగేసే జానెడు వైరు వేసి దానికంటూ ఒక అవుట్‌పుట్ ఇచ్చేశాను. ఆ అవుట్‌పుట్‌కి మిగతావాటితో పొత్తు లేదు కాబట్టి ఫజ్ తన గ్రౌండ్ ఎటు పెట్టుకున్నా ఎవరికీ నష్టం లేదు.

ఇంకో ముచ్చట. రెండు అవుట్‌పుట్లకి శాగ్ అనే చిన్న నాబ్ ఉంది. స్క్రూడ్రైవరుతో తిప్పితే వోల్టేజీ తొమ్మిది నుంచి సుమారు నాలుగు దాకా దిగుతుంది. బ్యాటరీ అరిగేటప్పుడు ఫజ్ కాస్త బొంగురుపోయి నోటు చివర్లో చిట్లుతుంది, ఆ గొంతు నాకిష్టం. ఏడు వోల్టుల దగ్గర పెట్టి వదిలేశాను. అచ్చంగా బ్యాటరీలాగే ఉందా అంటే లేదు. జింక్ కార్బన్ బ్యాటరీకి లోపలి రెసిస్టెన్స్ ఎక్కువ, దాని మెత్తదనం వేరు. ఇంట్లో రికార్డింగ్ చేసుకునేటప్పుడు ఇప్పటికీ బ్యాటరీయే వేస్తాను.

పైన అంత గొప్పగా చెప్పిన నిశ్శబ్దం వా పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పటిది. మొదట వాకి సరిగ్గా కిందే డబ్బా బిగించాను. వా తొక్కగానే గుయ్యిమని మొదలు, పెడల్ వంచే కొద్దీ దాని స్వరం కూడా మారుతోంది. వా లోపల ఇండక్టర్ ఉంటుంది, అంటే తీగ చుట్ట. ట్రాన్స్‌ఫార్మర్ మ్యాగ్నెటిక్ ఫీల్డ్ గాల్లోంచే దానికి అంటుకుంటుంది. ఐసోలేషన్‌కి దీనితో ఏ సంబంధమూ లేదు, వా పెడల్‌ని బ్యాటరీ మీద నడిపినా అదే గుయ్యి. బోర్డు మీంచి తీసి అవతల నేల మీద పెడితే పోయింది. చివరికి డబ్బాని ఎడమ కొసకీ వా పెడల్‌ని కుడి కొసకీ మార్చి, జిప్ టైలన్నీ కత్తిరించి, వైరింగంతా మళ్ళీ కట్టుకున్నాను. ఇప్పుడు బాగానే ఉంది, కానీ చిన్న బోర్డు వాడేవాళ్ళకి అంత దూరం ఎక్కడ దొరుకుతుంది?

ఫంక్షన్ హాళ్ళ సంగతి వేరే. అక్కడ సాకెట్లో మూడో రంధ్రం ఉంటుంది, దాని వెనక ఎర్త్ వైరు ఉంటుందన్న నమ్మకం లేదు. సీరియల్ లైట్ల పక్కన నిలబడితే నా స్ట్రాట్ గిటారు సింగిల్ కాయిల్ పికప్‌లు ఎంత రావాలో అంత రొద పట్టుకొస్తాయి. ఏ పవర్ సప్లై అయినా దాన్నేం చేస్తుంది? తీగల మీద చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే పెరిగే గుయ్యి మీ దగ్గరా ఉంటే దానికోసం ఇది కొనకండి. గన్నవరం అవతల ఒక రిసెప్షన్లో మెయిన్స్ బాగా డీలా పడితే పెడళ్ళన్నిటిలోంచీ బొయ్యిమని హమ్ వచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్ రకంలో మెయిన్స్ పడిపోతే లోపలి వోల్టేజీ కూడా అదే పాళ్ళలో పడుతుంది. రెగ్యులేటరుకి కావలసిన మిగులు లేక 100 హెర్ట్జ్ రిపుల్ (డీసీలో మిగిలిపోయే అలలు) అవుట్‌పుట్‌లోకి జారుతుంది. జనరేటరు వేశాక తగ్గింది. మొబైల్ ఛార్జరు పద్ధతిలో పనిచేస్తూ 100 నుంచి 240 వోల్టుల దాకా తీసుకునే ఎస్‌ఎంపీఎస్ రకం ఐసోలేటెడ్ సప్లైలు ఉన్నాయి, సియోక్స్ డీసీ7, స్ట్రైమన్ జూమా లాంటివి. వాటికి ఈ తిప్పలు ఉండవు, పైగా తేలిక.

కరెంటు లెక్క కూడా నన్ను ఇరికించింది. నా దాంట్లో ఆరు అవుట్‌పుట్లు వంద మిల్లీఆంపులవి, రెండు మాత్రం 250వి. డ్రైవూ ఫజ్ లాంటి వాటికి వంద ఎక్కువే. కొత్త డిజిటల్ రివర్బ్ మూడు వందలు అడిగింది. 250 దాంట్లో పెడితే లైటు వెలగడం, ఆరడం, మళ్ళీ వెలగడం. రెండు 250లనీ కలిపే వై వైరుతో నడుపుతున్నాను. రెండూ ఒకే వోల్టేజీలో ఉండాలి, రెండూ నిజంగా ఐసోలేటెడ్ అయి ఉండాలి, అప్పుడే అలా కలపాలి. డిలే వంద దాంట్లోకి సర్దుకుంది. ఎనిమిదీ నిండిపోయాయి. జూమాలో ఒక్కో అవుట్‌పుట్ 500 ఇస్తుంది, అక్కడ ఈ సర్దుబాట్లే అక్కర్లేదు.

అమెరికా నుంచి అన్నయ్యతోనో బావగారితోనో తెప్పించుకునేవాళ్ళు డబ్బా వెనక స్టిక్కరు ఫొటో తీసి పంపమనండి. ట్రాన్స్‌ఫార్మర్ రకాలు చాలావరకు ఏ దేశానికి ఆ దేశం వోల్టేజీకి చుట్టినవి. 120 అని ఉన్నది మన 230లో గుచ్చితే మొదటి రోజే ఆఖరి రోజు. స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వేసుకోవచ్చు, కానీ దాని బరువూ మోయాలి.

ఇప్పుడు మళ్ళీ కొనాలంటే ఇదే కొంటానా అంటే, ఇల్లూ చర్చీ వరకైతే ఇదే. శాగ్ నాబ్ నాకు అలవాటైపోయింది. పెళ్ళిళ్ళ సీజనే ఎక్కువై ఊళ్ళు తిరగాల్సి వస్తే ఎస్‌ఎంపీఎస్ రకం తీసుకుంటాను. రెండు మూడు అనలాగ్ పెడళ్ళు మాత్రమే ఉన్నవాళ్ళకి మంచి అడాప్టరూ డైజీ చైనూ చాలు. అన్ని ఎఫెక్టులూ ఒకే పెట్టెలో ఉండే మల్టీ ఎఫెక్ట్స్ ఒక్కటే వాడితే అసలు ఈ గొడవే లేదు. నీలం లైట్ల డబ్బా మీద మా తమ్ముడు ట్యూనరూ డ్రైవూ నడుపుకుంటున్నాడు, వాడికి దాని మీద ఒక్క ఫిర్యాదూ లేదు.