ఆరు క్వార్తోల నల్లరాణి వెంట

మాడ్రిడ్‌లో ప్లాసా మయోర్ చుట్టూ ఉన్న స్తంభాల వసారాలో ప్రతి ఆదివారం ఉదయం స్టాంపుల సంత జరుగుతుంది. 1927 నుంచీ నడుస్తున్న సంత అది. తొమ్మిదింటికి బల్లలు పరుస్తారు, మధ్యాహ్నం రెండు కాకముందే సర్దేస్తారు. నేను ఎనిమిదిన్నరకే వెళ్లి నిలబడ్డాను. గుర్రమెక్కిన మూడో ఫెలిపే విగ్రహం కింద చలికి చేతులు రుద్దుకుంటూ మా ఆవిడ, "ఇంత పొద్దున్నే లేపింది పావురాలు లెక్కపెట్టడానికా అండీ?" అంది. బార్సిలోనాలో చదువుకుంటున్న మా అన్నయ్య కొడుకు దుబాసీగా వచ్చాడు. వాడు ఒక ముక్క కూడా మాట్లాడలేదు, నిలబడే నిద్రపోతున్నాడు.

చిన్నప్పుడు దొరికిందల్లా పుస్తకంలో అంటించినవాణ్ణే. తర్వాత నిజాం స్టాంపుల మీదికి మళ్లాను. పదేళ్లుగా మాత్రం 1900కు ముందటి స్పెయిన్ పట్టుకుని వదలడం లేదు. ఆ దేశపు మొదటి స్టాంపు 1850 జనవరి 1న వచ్చింది. రెండో ఇసాబెల్ రాణి తలతో, నల్లటి సిరాతో, 6 క్వార్తోల విలువతో. క్వార్తో అంటే అప్పటి స్పెయిన్ చిల్లర నాణెం. దొంగ స్టాంపుల భయంతో ఆ తొలి ఏళ్లలో ఏటికో బొమ్మ మార్చారు, స్టాంపు మీదే సంవత్సరం వేశారు. 1868లో విప్లవం వచ్చి రాణి ఫ్రాన్సుకు వెళ్లిపోయింది. ఆమె బొమ్మ ఉన్న మిగులు స్టాంపులను పారేయడం ఎందుకని వాటి మీదే "జాతి పేరిట చెల్లుబాటు" అనే మాట కొట్టి అమ్మారు. ఆ తర్వాత ఇటలీ నుంచి తెచ్చుకున్న అమదేయో రాజు, 1873లో రిపబ్లిక్, 1875 నాటికి మళ్లీ ఇసాబెల్ కొడుకు. ఇంత గొడవా గోరంత కాగితాల మీద కనిపిస్తుంటే ఎవరికైనా పిచ్చి పట్టకుండా ఉంటుందా?

ముందు బస సంగతి చెప్పేస్తాను. పుఎర్తా దెల్ సోల్ పక్క సందులో పాత భవనం మూడో అంతస్తులో, కుటుంబం నడిపే చిన్న లాడ్జిలో నాలుగు రాత్రులు దిగాం. ఇలాంటివాటిని అక్కడ ఓస్తాల్ అంటారు. గది శుభ్రం, ఇంటావిడ మర్యాదస్తురాలు, సంతకు ఐదు నిమిషాల నడక. కానీ కిటికీ కింద రెండు బార్లు. రాత్రి రెండింటి దాకా పాటలు, నాలుగింటికి చెత్త లారీ. "వెనక వైపు గది" అని రాసి మరీ బుక్ చేస్తే వీధి వైపు గది ఇచ్చారు, మార్చమంటే నవ్వారు. తర్వాత రెండు రాత్రులు గోయా మెట్రో దగ్గరికి మారాం. అద్దె కొంచెం ఎక్కువైనా కంటినిండా నిద్ర పట్టింది. స్టాంపుల కోసమే వెళ్లేవాళ్లకు నా సలహా గోయా వైపే. కళ్లు మండుతుంటే భూతద్దంలో ఏమీ కనపడదు.

విమానాశ్రయం నుంచి టాక్సీ అక్కర్లేదు. పసుపుపచ్చ ఎక్స్‌ప్రెస్ బస్సు రాత్రీ పగలూ తిరుగుతుంది, మేము వెళ్లినప్పుడు 5 యూరోలు. అది సిబేలెస్ కూడలిలో ఆగుతుంది. ఎదురుగా కనిపించే తెల్లటి కోటలాంటి కట్టడం 1919లో తపాలా ప్రధాన కార్యాలయంగా తెరిచినదే, ఇప్పుడు నగరపాలక సంస్థది. ఉత్తరాలు వేసుకోవడానికి అంత పెద్ద మేడ కట్టుకున్నారంటే తపాలా శాఖకు అప్పట్లో ఎంత పలుకుబడి ఉండేదో!

మళ్లీ సంతకు వస్తాను. అసలు పని అక్కడే.

నా జేబులో ఒక నల్లరాణి ఉంది. నాలుగేళ్ల కిందట ఇంటర్నెట్ వేలంలో కొన్న 1850 నాటి 6 క్వార్తోలు. మీద సాలీడు ముద్ర చక్కగా పడింది. మధ్యనుంచి కాళ్లు చాపినట్టు గీతలుండే ఆ తొలినాళ్ల తపాలా ముద్రను అక్కడ 'అరాన్యా' అనే అంటారు, అంటే సాలీడే. అప్పటి స్టాంపులకు చిల్లులు లేవు. 1865 దాకా గుమాస్తాలు కత్తెరతో కత్తిరించి ఇచ్చేవారు. అందుకే నాలుగు వైపులా తెల్ల అంచు మిగిలిన స్టాంపుకు ఒక ధర, బొమ్మ తెగినదానికి అందులో పదో వంతు. నాదానికి నాలుగు అంచులూ దిట్టంగా ఉన్నాయి. మరీ అంత దిట్టంగా ఉండటమే నా అనుమానం.

ఐదారు బల్లలు తిరిగాక డెబ్భై ఐదేళ్లుంటాయనిపించే ఒకాయన దగ్గర ఆగాం. ఆయన బల్ల మీద ఆడంబరమేమీ లేదు. చెప్పుల డబ్బాలో కవర్లు, పక్కన నల్ల పింగాణీ పళ్లెం, చుక్కలమందు సీసాలాంటిది ఒకటి. నా స్టాంపు పట్టకారుతో అందుకుని, ముఖం కిందికి పెట్టి పళ్లెంలో ఉంచి, సీసాలోంచి మూడు చుక్కలు వేశారు. బెంజీన్ వాసన గుప్పుమంది. తడిసిన కాగితం పారదర్శకంగా మారింది. కుడి వైపు, బొమ్మ చట్రానికి ఆనుకుని, పై నుంచి కింది దాకా వెంట్రుకంత సన్నటి ముదురు గీత ఒకటి తేలింది. ఆయన దాన్ని గోటితో చూపించి ఒక మాట అన్నారు.

"బాబాయ్, అంచు అతికించారట" అన్నాడు మావాడు. నిద్ర వదిలిపోయినట్టుంది.

స్టాంపు అసలుదే, ముద్ర అసలుదే. కుడి అంచు మాత్రం వేరే కాగితం ముక్క. ఆరితే కంటికి కనపడనంత నేర్పుగా అతికించారు. నేను పెట్టిన డబ్బులో ఎంత పోయిందో మా ఆవిడకు చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. ఆ పెద్దాయన మాత్రం ఓదార్పుగా, ఇది నయమే అన్నారు. స్పెరాతీ అనే గడుసువాడు చవక స్టాంపు మీద బొమ్మను రసాయనంతో కడిగేసి, అసలు కాగితాన్నీ అసలు ముద్రనూ అలాగే ఉంచి, పైన ఖరీదైన బొమ్మ అచ్చువేసేవాడు. అలాంటిది తగిలితే బెంజీన్ కూడా ఒక్కోసారి చేతులెత్తేస్తుందట.

తర్వాత గంటసేపు ఆయన నాకు పాఠం చెప్పారు, పైసా తీసుకోలేదు. డబ్బాలోంచి ఎర్రటి 4 క్వార్తోల స్టాంపులు మూడు తీసి వరుసగా పెట్టారు. 1854 చివర్లో దేశంలోపలి మామూలు ఉత్తరం రేటు 6 నుంచి 4 క్వార్తోలకు తగ్గింది కాబట్టి ఈ విలువ కుప్పలుగా దొరుకుతుంది. మూడూ ఒకే బొమ్మ, ఒకే రాణి. మొదటిది 1855 నాటిది. కాగితం నీలిచాయ, బెంజీన్ పడగానే ముడివేసిన తాళ్లలాంటి నీటిగుర్తు, అంటే కాగితం తయారీలోనే లోపల పడే గుర్తు, కనిపించింది. రెండోది 1856 మొదట్లోది. ముతక కాగితం, అడ్డదిడ్డంగా కలిసే గీతలు. మూడోది అదే సంవత్సరం ఏప్రిల్ నుంచి వచ్చినది. తెల్ల కాగితం, ఏ గుర్తూ లేదు. అందులో రెండోది మిగతా వాటికన్నా అరుదు.

మా ఆవిడది చీరల వ్యాపారం. ఇరవై ఏళ్లుగా రంగు తేడాలు చూసి చూసి ఉన్న కళ్లు. నాలుగో స్టాంపు బయటికి తీయగానే, "ఇది మొదటి రకం కదా, నీలం పెట్టిన తెల్లబట్టలా ఉంది" అంది. పెద్దాయన పళ్లెంలో వేసి చూశారు. తాళ్లు తేలాయి. ఆ తర్వాత ఆయన నన్ను పక్కకు నెట్టి ఆవిడకే చూపించడం మొదలుపెట్టారు. ముప్ఫై స్టాంపుల పొట్లం 25 యూరోలకు ఇచ్చారు. "వేరు చేసుకోండి, సరదాగా ఉంటుంది" అన్నారట.

పెట్టుబడిగా ఏం కొనొచ్చో మాత్రం అక్కడ ఎవరినీ అడక్కండి. మావాడు తెలియక ఒక బల్ల దగ్గర ఆ మాట అన్నాడు, అమ్మేవాడి ముఖం మాడిపోయింది. 2006లో స్టాంపుల మీద పెట్టుబడి పేరుతో నడిచిన రెండు పెద్ద సంస్థలు కూలిపోయి లక్షల కుటుంబాల పొదుపు మునిగింది. ఆ చేదు ఇంకా పోలేదు.

మర్నాడు మంగళవారం అనుకుని మ్యూజియానికి వెళ్తే సోమవారం! మూసి ఉంది. ప్రయాణంలో వారాలు మరిచిపోవడం నా పాత జబ్బు. మంగళవారం మళ్లీ వెళ్లాం. దొక్తోర్ ఎస్కెర్దో వీధిలోని ప్రభుత్వ టంకశాల మ్యూజియం గోయా బస నుంచి నడిచి వెళ్లే దూరమే, ప్రవేశం ఉచితం. స్టాంపులు ముద్రించే కార్యాలయం 1893లో టంకశాలతో కలిసిపోవడం వల్ల రెండు చరిత్రలూ ఒకే కప్పు కింద ఉన్నాయి. నిజం చెప్పాలంటే పెత్తనం నాణేలదే. గదుల తరబడి నాణేలు చూశాక గానీ మన వంతు రాదు. కానీ చెక్కుడు పనిముట్లు, అచ్చు యంత్రాలు చూశాక స్టాంపును చేత్తో పట్టుకునే తీరే మారుతుంది. సగం రోజు పెట్టుకోండి.

దుకాణాల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. అద్దాల గుమ్మం ఉన్న ఒక కొట్లో 1870ల నాటి పెద్ద విలువల స్టాంపులు చూపించి, వాడిన స్టాంపుకు ఉండే పూర్తి ధర చెప్పారు. ఆ స్టాంపుల మీద ఉన్నది ఊరి ముద్ర కాదు, అడ్డంగా సమాంతర గీతలు. అంటే ఉత్తరం మీద ఎన్నడూ ప్రయాణించనివి. తపాలా శాఖ దగ్గర మిగిలిపోయిన సరుకును చెల్లకుండా గీతలు కొట్టి వ్యాపారులకు అమ్మినవి. వాటికి కేటలాగులో వేరే, చాలా తక్కువ ధర ఉంటుంది. అడిగితే "అన్నీ ఒకటే" అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాం.

తిండి విషయానికొస్తే మా ఆవిడ గుడ్డు కూడా ముట్టదు. బంగాళదుంపల అట్టులో గుడ్డు, చారులో పంది ముక్క. చివరికి ఆవిడను కాపాడినవి నూనెలో వేయించి ఉప్పు చల్లిన పద్రోన్ మిరపకాయలు, టమాటా రుద్దిన రొట్టె, లావాపియేస్ పేటలోని భారతీయ హోటళ్లు.

ఆ వారం చివర మావాడితో కలిసి రైల్లో బార్సిలోనా వెళ్లాం. రెండున్నర గంటల ప్రయాణం, వేగరైళ్లు నడిపే సంస్థలు మూడు ఉండటంతో ముందుగా కొంటే చవక. రెండో ఆదివారం అక్కడి ప్లాసా రెయాల్ సంత. గౌడీ కుర్రతనంలో గీసిన దీపస్తంభాలు, ఈతచెట్లలాంటి ఎత్తైన చెట్లు, చోటు మాడ్రిడ్ కన్నా అందంగా ఉంటుంది. స్టాంపులు మాత్రం తక్కువ. నాణేలు, కావా వైన్ సీసాల మూత రేకులు రాజ్యమేలుతున్నాయి. జేబుదొంగల భయం వల్ల ఆల్బమ్‌ను పొట్టకు కట్టుకున్నంత పని చేశాను. చూడటానికైతే బార్సిలోనా, నేర్చుకోవడానికైతే మాడ్రిడ్.

అయినా ఒట్టిచేతులతో రాలేదు. ఒక బల్ల మీద 1873 నాటి కార్లిస్టుల నీలి స్టాంపు కనిపించింది. సింహాసనం నాదేనని ఉత్తరాన యుద్ధం చేసిన దోన్ కార్లోస్ వేయించినది. తొలి అచ్చులో 'ఎస్పాన్యా'లోని న్య అక్షరం మీద ఉండాల్సిన అలగీత మరిచిపోయారు. దేశం కోసం తుపాకీ పట్టినవాళ్లు దేశం పేరే తప్పు రాసుకున్నారు. తర్వాత దిద్దారు. నకిలీలు విపరీతంగా ఉన్న స్టాంపు కాబట్టి ధ్రువపత్రం లేకుండా కొనే ధైర్యం చేయలేదు.

పక్క బల్లాయనకు నా నల్లరాణిని చూపించి, కుడి అంచు అతుకు అని ముందే చెప్పేశాను. ఆయన దాన్ని వెలుగుకు పట్టి చూసి, బదులుగా ఒక కవరు జరిపాడు. అందులో 1855 నాటి ప్రభుత్వ కార్యాలయాల స్టాంపులు నాలుగు, రంగు కాగితాల మీద నల్లసిరాతో. వీటి మీద డబ్బు విలువ ఉండదు, బరువు ఉంటుంది: పసుపు మీద అర ఔన్సు, గులాబీ మీద ఒక ఔన్సు, ఆకుపచ్చ మీద నాలుగు, నీలం మీద ఒక పౌను. మీద ఇంకో 5 యూరోలు అడిగాడు. ఇచ్చేశాను.

ఆ రాత్రి మావాడి గదిలో బల్లదీపం కింద మా ఆవిడ 4 క్వార్తోల పొట్లం విప్పి, మూడు కుప్పలు చేస్తూ కూర్చుంది. మధ్య కుప్పలో రెండే ఉన్నాయి. నీలం కాగితం స్టాంపు చేతికిస్తే అటూ ఇటూ తిప్పి, "పౌను బరువని రాశారు, ఊదితే ఎగిరిపోయేలా ఉంది" అని, కిటికీ మూయమంది.